పాతిపెట్టినవారు వెళ్లిపోయారు, గూళ్లలో ఉన్నవారు మిగిలారు: శాన్‌ఫ్రాన్సిస్కో కొలంబేరియం కథ వెనుక చట్టం, భూమి, జ్ఞాపకం

సంక్షిప్తంగా: శాన్‌ఫ్రాన్సిస్కో నగరం ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఖననాన్ని, ఆ తరువాత దహనాన్ని తన పరిధిలో నిషేధించి, ఉన్న సమాధులను కూడా ఊరి బయటకు తరలించింది. 1898 నాటి ఒక్క చితాభస్మ భవనం మాత్రం యథాస్థానంలో నిలిచింది. అక్కడి ప్రముఖుల జాబితాలో అసలు భస్మం అక్కడ లేనివారూ ఉన్నారు. ఒక ప్రసిద్ధ వ్యక్తి చివరి చోటు ఎంతకాలం నిలుస్తుందన్నది ఆ వ్యక్తి కీర్తి కంటే ఆ చోటికి వర్తించే చట్టం మీద, దాన్ని చూసుకునే సంస్థ మీద ఎక్కువగా ఆధారపడుతుందని ఈ భవనం చరిత్ర చెబుతోంది. పారిస్, లండన్, మాస్కో అనుభవాలూ దాన్నే బలపరుస్తున్నాయి.

అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో, గియరీ బులవార్డ్‌కు కాస్త పక్కగా, మామూలు ఇళ్ల మధ్య లొరేన్ కోర్ట్ అనే చిన్న వీధి చివర, రాగి గుమ్మటంతో ఒక పాత భవనం ఉంది. లోపల గోడల నిండా గూళ్లు. ఒక్కో గూటిలో ఒక మనిషి చితాభస్మం, కొన్నింటిలో భార్యాభర్తలిద్దరిదీ, కొన్నింటిలో కుటుంబం మొత్తానిదీ ఉంటుంది. ఇలాంటి భవనాన్ని కొలంబేరియం అంటారు. నగర మేయర్‌గా పనిచేసిన ఎడ్వర్డ్ రోబ్సన్ టేలర్, హత్యకు గురైన ప్రజాప్రతినిధి హార్వీ మిల్క్, చిత్రకారిణి అన్నా క్లంప్కీ, 1960ల సంగీత ఉద్యమంలో పేరు మోసిన నిర్వాహకుడు చెట్ హెల్మ్స్ వంటివారి పేర్లు ఈ భవనంతో ముడిపడి ఉన్నాయి.

ఈ విషయంలో చదువరులను తికమక పెట్టేవి రెండు ఉన్నాయి. ఖననం, దహనం రెండింటినీ వెళ్లగొట్టిన నగరంలో వేలమంది అవశేషాలున్న భవనం ఎలా మిగిలిందన్నది ఒకటి. మిల్క్ భస్మాన్ని సముద్రంలో కలిపారని ఒకచోట, కొలంబేరియంలో ఆయనకు చోటుందని మరొకచోట రాసి ఉంటుంది. వీటిలో ఏది నిజమన్నది రెండోది. ఈ రెండింటికీ సమాధానాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి.

సమాధులను తరలించిన నగరం

1849 నాటి బంగారు వేటతో శాన్‌ఫ్రాన్సిస్కో ఒక్కసారిగా పెరిగింది. తొలి దశలో సమాధులు ఊరి నడుమనే వెలిశాయి. ఊరు పెరిగినకొద్దీ వాటిని పడమరకు జరిపారు. లోన్ మౌంటెన్ అనే గుట్ట చుట్టూ లారెల్ హిల్, కాల్వరీ, మసానిక్, ఆడ్ ఫెలోస్ అనే నాలుగు పెద్ద శ్మశానవాటికలు ఏర్పడ్డాయి. అవి ఏర్పడిన రోజుల్లో ఆ ప్రాంతం ఇసుక దిబ్బల మయం, జనసంచారం లేనిది. ట్రాము దారులు పడి, ఇళ్లు పడమటి వైపు పాకేసరికి అదే భూమి విలువైన స్థలమైంది.

అప్పటి నుంచి రెండు వాదనలు జోడుగా నడిచాయి. సమాధుల వల్ల ఆరోగ్యానికి హాని అన్నది పైకి వినిపించిన వాదన. ఆ భూమిలో ఇళ్లు కట్టుకోవచ్చన్నది దాని వెంటే నడిచిన ఆర్థిక ప్రయోజనం. నగర పాలకమండలి చేసిన కట్టడి ప్రకారం 1901 ఆగస్టు నుంచి నగర పరిధిలో కొత్తగా ఖననం చేయడం ఆగిపోయింది. 1910లో దహనాన్నీ నిషేధించారు. 1914లో మరో అడుగు ముందుకు వేసి, ఉన్న సమాధులనే తొలగించాలని శ్మశానాల యాజమాన్యాలకు నోటీసులు పంపారు. కోర్టు వ్యాజ్యాలు, ప్రజాభిప్రాయ సేకరణలు, వారసుల అభ్యంతరాలతో ఆ పని దశాబ్దాల పాటు సాగి, ప్రధానంగా 1920ల చివరి నుంచి 1940ల మొదటి వరకు జరిగింది.

సమాధుల్లో ఉన్నవారు నగరానికి దక్షిణంగా ఉన్న కోల్మా అనే చిన్న ఊరికి చేరారు. ఈ రోజు కోల్మాలో బతికున్నవారు రెండు వేలకు లోపే, ఖననమైనవారు పది లక్షలకు పైనే. లారెల్ హిల్ నుంచి ఒక్కదాని నుంచే సుమారు 35,000 మంది అవశేషాలు అక్కడికి తరలాయి. అవశేషాలను తరలించారే గానీ సమాధి రాళ్లను తరలించే ఖర్చు వారసుల మీదే పడింది. వారసులు రాని రాళ్లు సముద్రపు గోడల కట్టడానికీ, బ్యూనా విస్టా పార్కులో వాన నీటి కాలువల లోపలి పరుపుకూ వాడుకయ్యాయి. ఆ కాలువల్లో కొన్ని రాళ్ల మీది అక్షరాలు ఇప్పటికీ చదవడానికి వీలుగా ఉన్నాయి. తరలింపు సంపూర్ణంగా జరగలేదనడానికీ నిదర్శనాలున్నాయి. పాత నగర శ్మశానం ఉన్న లింకన్ పార్కులో, లీజియన్ ఆఫ్ ఆనర్ మ్యూజియం మరమ్మతుల కోసం 1993లో నేల తవ్వినప్పుడు వందలాది మంది అవశేషాలు బయటపడ్డాయి.

ఈ తరలింపు నుంచి పేరున్నవారికీ మినహాయింపు దొరకలేదు. 1859లో ద్వంద్వ యుద్ధంలో మరణించిన సెనేటర్ డేవిడ్ బ్రొడెరిక్‌కు ఆ గుట్ట దగ్గర పెద్ద స్మారకమే ఉండేది. ఆయన అవశేషాలూ 1942లో కోల్మాకు చేరాయి. తనను తాను అమెరికా చక్రవర్తిగా ప్రకటించుకుని నగర ప్రజల అభిమానం పొందిన జాషువా నార్టన్ 1880లో మరణించి మసానిక్ శ్మశానంలో ఖననమయ్యాడు. ఆయన అవశేషాలు 1934లో కోల్మాకు వెళ్లాయి. మిషన్ డొలోరెస్ చర్చి పక్కనున్న చిన్న సమాధుల తోట, ప్రెసీడియోలోని సైనిక శ్మశానం మాత్రమే చెప్పుకోదగ్గ మినహాయింపులు. ఒకటి నగర పుట్టుకతో ముడిపడిన చర్చి స్థలం, మరొకటి కేంద్ర ప్రభుత్వ భూమి. ఆ రెండూ నిలిచింది అక్కడ ఉన్నవారి ఘనత వల్ల కాదు, ఆ భూముల ప్రత్యేక స్థితి వల్ల.

గూటికి వర్తించని వాదన

కొలంబేరియం ఆడ్ ఫెలోస్ శ్మశానవాటికలో భాగంగా పుట్టింది. ఆడ్ ఫెలోస్ అనేది సభ్యుల పరస్పర సహాయం కోసం ఏర్పడిన సోదర సంఘం. జబ్బు చేసినప్పుడు ఆదుకోవడం, చనిపోతే అంత్యక్రియలు చూడడం దాని ప్రధాన పనుల్లో ఉండేవి. దహనం అమెరికాలో ఇంకా కొత్తగా, వింతగా ఉన్న రోజుల్లో ఈ సంఘం ముందుగా దహనశాలను, దాని వెంట 1898లో ఈ భవనాన్ని కట్టించింది. రెండింటి రూపకర్త బెర్నార్డ్ కేహిల్. బ్రిటన్‌లో పుట్టి కాలిఫోర్నియాలో స్థిరపడిన ఈ వాస్తుశిల్పి భూగోళాన్ని సీతాకోకచిలుక ఆకారంలో పరిచే ప్రపంచ పటాన్ని తయారుచేసిన వ్యక్తిగా పటాల చరిత్రలోనూ నిలిచాడు.

ఆయన వేసిన నమూనాలో నడుమ గుమ్మటం కింద విశాలమైన ఖాళీ, దాని చుట్టూ గదులు, పైన వలయాకారపు వసారాలు ఉంటాయి. కింది అంతస్తులోని గదులకు పురాణాల్లోని వాయువుల పేర్లు, పైన ఉన్నవాటికి నక్షత్ర మండలాల పేర్లు పెట్టారు. రంగు అద్దాల కిటికీల నుంచి వెలుగు లోపలికి పడుతుంది. ఒక మనిషి కోసం నేలలో కేటాయించే స్థలంలో ఇక్కడ నిలువుగా ఎన్నో గూళ్లు పడతాయి. ఒక పెద్ద మనిషి శరీరం దహనమయ్యాక మిగిలేది సుమారు రెండు మూడు కిలోల ఎముకల అవశేషమే. దహనశాలలో దాన్ని యంత్రంతో పొడి చేస్తారు. ఆ పొడి మూడు లీటర్ల పాత్రలో ఇమిడిపోతుంది. అందుకే కొన్ని వేల మందికి ఒక్క భవనం చాలింది.

1930ల మొదట్లో ఆడ్ ఫెలోస్ శ్మశానం ఖాళీ అయింది. దహనశాలను కూల్చేశారు. సమాధుల స్థలంలో ఇళ్లు, రోసీ ఆటస్థలం వచ్చాయి. కొలంబేరియం మాత్రం యాజమాన్యం మారి నిలిచింది. దీనికి కారణాలను నిషేధాల స్వరూపంలోనే చూడవచ్చు. నగరం నిషేధించింది నేలలో పాతిపెట్టడాన్ని, ఆపైన దహనాన్ని. ఎక్కడో దహనమైన అవశేషాన్ని ఒక గోడలో భద్రపరచడం ఆ రెండింటిలోకీ రాదు. కుళ్లిపోయేదేమీ లేని చోటికి ఆరోగ్యం పేరిట చేసిన వాదన అతకదు. భవనం ఆక్రమించిన నేలా తక్కువే కాబట్టి, దాన్ని కూల్చినా ఇళ్ల వ్యాపారులకు పెద్దగా కలిసొచ్చేది లేదు. ఇలా సెనేటర్లను, చక్రవర్తిగా పేరు పొందినవాణ్ని సాగనంపిన నగరం, గూళ్లలో ఉన్న సామాన్య గుమాస్తాలను, వర్తకులను తన దగ్గరే ఉంచుకుంది. ఈ తేడాకు మనుషుల గొప్పతనంతో ఏ సంబంధమూ లేదు.

అయితే కూల్చకపోవడం వేరు, చూసుకోవడం వేరు. కొత్త గూళ్ల అమ్మకాలు లేక, ఆదాయం లేక, 1930ల నుంచి దాదాపు నాలుగు దశాబ్దాల పాటు భవనం పాడుబడింది. పైకప్పు కారి గోడలకు నాచు పట్టింది, పక్షులు, జంతువులు లోపల చేరాయి. 1980 నాటికి నెప్ట్యూన్ సొసైటీ అనే సంస్థ దీన్ని కొని బాగుచేయించడం మొదలుపెట్టింది. ఆ సంస్థకు ప్రధానంగా పేరు వచ్చింది భస్మాన్ని సముద్రంలో కలిపే సేవతోనని గుర్తుంచుకుంటే ఈ కొనుగోలు ప్రాముఖ్యం తెలుస్తుంది: భస్మాన్ని కలిపేయాలనుకునేవారినీ, దాచుకోవాలనుకునేవారినీ ఒకే వ్యాపారం చేరుకోగలిగింది. 1996లో నగరం ఈ భవనాన్ని అధికారిక వారసత్వ కట్టడంగా గుర్తించింది. ఖననాన్ని వెళ్లగొట్టిన నగరమే, వందేళ్లు గడవకముందే, మృతుల భవనాన్ని కాపాడాల్సిన ఆస్తుల్లో చేర్చింది.

గూడు ఇక్కడ, భస్మం మరోచోట

ప్రముఖుల జాబితాను జాగ్రత్తగా చదివితే అందులో మూడు రకాలవారు కనిపిస్తారు: భస్మం నిజంగా అక్కడే ఉన్నవారు, కొంత భాగమో స్మారకమో మాత్రమే ఉన్నవారు, ఒకప్పుడు ఉండి తరువాత మరో చోటికి వెళ్లినవారు.

మొదటి రకానికి ఎడ్వర్డ్ టేలర్ ఉదాహరణ. వైద్యం చదివి, న్యాయవాదిగా స్థిరపడి, కవిత్వం రాసిన ఈయన మేయర్ పదవికి పోటీ చేసి రాలేదు. 1906 భూకంపం తరువాత అవినీతి కేసులో అప్పటి మేయర్ యూజీన్ ష్మిట్జ్ పదవి కోల్పోయాక, 1907లో నగరాన్ని నడిపించడానికి ఈయనను నియమించారు. 1910 వరకు పదవిలో ఉండి, 1923లో మరణించారు. ఖననం చేసి ఉంటే కోల్మా తప్ప మరో దారి లేని కాలం అది.

హార్వీ మిల్క్ విషయం ఇంతకంటే చిక్కైనది. తాను స్వలింగ సంపర్కుణ్నని దాచకుండా ప్రకటించి, 1977 నవంబరులో నగర పాలకమండలికి ఎన్నికైన మిల్క్, 1978 నవంబరు 27న మేయర్ జార్జ్ మస్కోనితో పాటు నగర కార్యాలయంలోనే కాల్పులకు బలయ్యారు. ఆయన భస్మంలో ఎక్కువ భాగాన్ని మిత్రులు సముద్ర జలాల్లో కలిపారు. కొంత భాగాన్ని ఆయన కెమెరా దుకాణం నడిపిన క్యాస్ట్రో వీధి 575వ నంబరు ముందు, కాలిబాట కింద ఉంచారు. కొలంబేరియంలో ఉన్నది ఆయన స్మారకం. కాబట్టి పైన చెప్పిన రెండు కథనాలూ తప్పు కాదు. రెండూ కలిస్తేనే పూర్తి నిజం.

ఈ స్మారకం ఒంటరిగా నిలవలేదన్నది గమనించదగిన సంగతి. భవనం మరమ్మతుల తరువాత తెరుచుకున్న 1980లు నగరంలో ఎయిడ్స్ వేల మందిని పొట్టన పెట్టుకున్న కాలం. చనిపోయినవారిలో చాలామంది యువకులు; కొందరిని సొంత కుటుంబాలు దగ్గరకు రానివ్వలేదు. సొంత ఊరి కుటుంబ శ్మశానంలో చోటు లేనివారికి, లేదా ఉన్నా అక్కడికి వెళ్లడం ఇష్టం లేనివారికి, తాము బతికిన నగరంలోనే తమ పేరు రాసుకోగల చోటు ఇది. అద్దాల గూళ్లలో కలశం పక్కన ఫోటోలు, బేస్‌బాల్ బంతులు, ఇష్టమైన మద్యం సీసాలు, బొమ్మలు పెట్టే అలవాటు ఇక్కడ బాగా పెరిగింది. పాత గూళ్లలో ఇత్తడి, రాగి పాత్రలు వరుసగా ఒకే తీరుగా కనిపిస్తాయి. కొత్త గూళ్లలో మనిషి ఏం తిన్నాడో, ఏ జట్టును అభిమానించాడో, ఎవరితో బతికాడో తెలుస్తుంది. వివాహానికి చట్టపరమైన గుర్తింపు లేని రోజుల్లో ఇద్దరి పేర్లు ఒకే గూటి మీద చెక్కించుకోగలగడం ఆ జంటలకు చిన్న విషయం కాదు. ఈ భవనానికి ప్రాణం పోసింది ప్రముఖుల కంటే వీరేనని చెప్పాలి.

మూడో రకానికి అన్నా క్లంప్కీ. 1856లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన ఈ చిత్రకారిణి ఫ్రాన్స్‌లో చదువుకుని, జంతువుల చిత్రాలతో యూరప్ అంతటా పేరు పొందిన రోజా బోనర్ రూపచిత్రాన్ని 1898లో గీశారు. బోనర్ చివరి రోజుల్లో ఆమెకు తోడుగా ఉండి, 1899లో ఆమె మరణించాక ఆస్తికి వారసురాలయ్యారు. క్లంప్కీ 1942లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మరణించేసరికి ఫ్రాన్స్ జర్మన్ సైన్యం ఆక్రమణలో ఉంది. ఆమె స్మారకం ఈ కొలంబేరియంలో ఉంది. భస్మం మాత్రం యుద్ధం ముగిశాక పారిస్ చేరి, పేర్ లషేజ్ శ్మశానంలో బోనర్, ఆమె జీవితకాలపు సహచరి నతాలీ మికా ఉన్న సమాధిలోనే కలిసింది. నేలలో పాతిన దేహాన్ని సముద్రం దాటించడం ఎంతో శ్రమతో కూడిన పని. చిన్న పాత్రలోని భస్మాన్ని పంపడం అంత కష్టం కాదు. ప్రముఖుల చివరి చోటు గురించి ఇన్ని పొంతన లేని కథనాలు పుట్టడానికి మూలం ఇదే: భస్మాన్ని పంచవచ్చు, తరలించవచ్చు, కలపవచ్చు; రాసిన పేరు మాత్రం ఉన్నచోటే ఉండిపోతుంది.

పారిస్, లండన్, మాస్కో: మూడు పద్ధతులు

పేర్ లషేజ్‌లో దహనశాల 1889లో పని ప్రారంభించింది. అక్కడి కొలంబేరియంలో గూళ్లకు వరుస సంఖ్యలు ఉంటాయి. నర్తకి ఇసడోరా డంకన్ 6796లో ఉన్నారు. ఆమెతో పాటు నర్తకి లోయీ ఫుల్లర్, చిత్రకారుడు మాక్స్ ఎర్న్‌స్ట్, అమెరికా నల్లజాతి రచయిత రిచర్డ్ రైట్, ఉక్రెయిన్ అరాచకవాద నాయకుడు నెస్తర్ మఖ్నో అదే ఆవరణలో ఉన్నారు. వీరిలో ఎక్కువమంది ఫ్రాన్స్‌లో పుట్టినవారు కాదు. ప్రవాసంలోనో, పర్యటనలోనో మరణించినవారు. కుటుంబ సమాధి లేని ఊళ్లో మరణించినవారికి గూడు తేలికైన ఏర్పాటు కావడం దీనికి కొంత కారణం. 16258వ గూడు గాయని మరియా కాలస్‌ది. 1977లో ఆమె మరణించిన కొద్ది నెలలకే పాత్ర చోరీకి గురై, త్వరలోనే దొరికింది. 1979లో భస్మాన్ని ఏజియన్ సముద్రంలో కలిపారు. గూడు, దాని మీది పేరు మాత్రం అలాగే ఉన్నాయి, అభిమానులు ఇప్పటికీ అక్కడికి వస్తారు.

ఫ్రాన్స్‌లో 2008 డిసెంబరులో వచ్చిన చట్టం దహన అవశేషాలకు మృతదేహంతో సమానమైన గౌరవం ఇవ్వాలని చెప్పింది. ఆ తరువాత భస్మాన్ని ఇంట్లో ఉంచుకోవడానికి గానీ, కుటుంబ సభ్యులు పంచుకోవడానికి గానీ వీలు లేదు. దాన్ని శ్మశానంలో ఉంచాలి, లేదా నియమాల ప్రకారం చల్లాలి. కాలిఫోర్నియా చట్టం దీనికి భిన్నంగా భస్మాన్ని ఇంట్లో ఉంచుకోవడాన్ని అనుమతిస్తుంది. ఒకచోట మృతుడి గౌరవం ప్రజావ్యవహారం, మరోచోట అది కుటుంబ నిర్ణయం. మిల్క్ భస్మం రెండు చోట్లకు చేరిన తీరు కాలిఫోర్నియాలో సహజం. ఇవాళ్టి ఫ్రాన్స్‌లో అలాంటి పంపకం కుదరదు.

లండన్‌లోని గోల్డర్స్ గ్రీన్ దహనశాల 1902లో మొదలైంది. అక్కడ సిగ్మండ్ ఫ్రాయిడ్ భస్మాన్ని ప్రాచీన గ్రీకు పాత్రలో ఉంచారు. అది ఆయన శిష్యురాలు మేరీ బోనపార్ట్ బహుమతిగా ఇచ్చినది. 1951లో భార్య మార్తా భస్మాన్నీ అందులోనే చేర్చారు. 2013 డిసెంబరు చివరి రాత్రి దొంగలు లోపలికి చొరబడి ఆ పాత్రను పగలగొట్టారు. నర్తకి అన్నా పావ్లోవా భస్మమూ అక్కడే ఉంది. దాన్ని మాస్కోకు తరలించాలన్న ప్రయత్నం వివాదంలో పడి ఆగిపోయింది. గూటిలో ఉంచిన వస్తువు అందరికీ కనిపించడమే దాని ఆకర్షణ, అదే దాని ప్రమాదం కూడా. ఫ్రాయిడ్, కాలస్ ఉదంతాలు రెండూ ఈ విషయంలో ఒకేలా నడిచాయి.

మాస్కోలో క్రెమ్లిన్ గోడ పూర్తిగా మరో కోవకు చెందింది. అక్కడ గూడు కొనుక్కునేది కాదు, రాజ్యం ఇచ్చేది. 1936లో మాక్సిం గోర్కీ, 1966లో అంతరిక్ష నౌకల రూపకర్త సెర్గేయ్ కొరల్యోవ్, 1968లో యూరీ గగారిన్ అక్కడికి చేరారు. అమెరికా కార్మిక నాయకుడు బిల్ హేవుడ్ భస్మంలో సగం మాత్రమే ఆ గోడలో ఉంది. మిగిలిన సగం షికాగోలో, ఉరికంబం ఎక్కిన హేమార్కెట్ కార్మిక నాయకుల సమాధి దగ్గరకు వెళ్లింది. 1984లో మరణించిన రక్షణ మంత్రి ద్మీత్రీ ఉస్తీనోవ్ తరువాత ఆ గోడలోకి ఎవరినీ చేర్చలేదు. ఎవరు ప్రముఖులన్నది ఇక్కడ రాజకీయ నిర్ణయం. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆ ప్రశ్న ఎవరూ అడగరు. డబ్బు చెల్లించినవారందరికీ ఒకే గోడ.

మన దగ్గర ఇది ఎందుకు కొత్తగా అనిపిస్తుంది

తెలుగు హిందువుల ఆచారంలో అస్థి సంచయనం తరువాత కలశాన్ని ఉంచుకోవడం తాత్కాలికం. ఇంట్లోకి తేకూడదని శ్మశానంలోనే చెట్టుకు కట్టడమో, అక్కడి గదిలో భద్రపరచడమో చేసి, వీలు చూసుకుని గోదావరిలోనో కృష్ణలోనో, ప్రయాగలోనో కాశీలోనో కలుపుతారు. ప్రముఖులకు స్మారకం దహనం జరిగిన చోటో, మరో బహిరంగ స్థలంలోనో వెలుస్తుంది. అస్థికలు నీటిలో కలుస్తాయి. నిమజ్జనం ఆగిపోతే అది అసంపూర్తి కార్యంగానే లెక్క. 1996లో మరణించిన ఎన్టీ రామారావు అస్థికలు ఎనిమిదేళ్ల తరువాత, 2004లో శ్రీరంగపట్నం వద్ద నిమజ్జనమయ్యాయి. గాంధీజీ అస్థికల్లో ఒక భాగం కటక్‌లోని బ్యాంకు లాకరులో దశాబ్దాల పాటు ఉండిపోగా, సుప్రీంకోర్టు ఆదేశం తరువాత 1997 జనవరి 30న అలహాబాద్ సంగమంలో కలిపారు. రెండు సందర్భాల్లోనూ ఆలస్యమే వార్త అయింది. కొలంబేరియంలో ఆ ఉంచుకోవడమే ఉద్దేశం.

భారతీయుడు ఒకరు విదేశీ శ్మశానంలో కావాలని భస్మాన్ని దాచమన్న సందర్భమూ ఉంది. స్వాతంత్ర్య యోధుడు శ్యామ్‌జీ కృష్ణవర్మ 1930లో జెనీవాలో మరణించే ముందు, తన భస్మాన్ని వందేళ్ల పాటు భద్రపరచేలా అక్కడి వారితో ఏర్పాటు చేసుకున్నారు. స్వతంత్ర భారతదేశానికి చేరాలన్నది ఆయన కోరిక. 2003 ఆగస్టులో ఆయన, భార్య భానుమతి కలశాలు గుజరాత్ చేరాయి. గడువు ముగియడానికి ముందే ఎవరో ఒకరు అడిగారు కాబట్టి ఆ ఒప్పందం ఫలించింది. మదనపల్లెలో పుట్టిన తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి దీనికి పూర్తి వ్యతిరేక దిశ. 1986లో కాలిఫోర్నియాలోని ఓహాయ్‌లో మరణించిన ఆయన భస్మాన్ని అమెరికా, భారత్, ఇంగ్లండ్ మధ్య పంచారు. ఆరాధనకు పనికివచ్చే సమాధి ఏదీ మిగల్చలేదు.

శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఊళ్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ చట్టాలు ఆచరణలో ఎదురయ్యేవే. కాలిఫోర్నియాలో భస్మాన్ని సముద్రంలో కలపాలంటే తీరం నుంచి కనీసం 500 గజాల దూరం వెళ్లాలి, వంతెన మీద నుంచో రేవు మీద నుంచో వదలకూడదు. వాగుల్లో, సరస్సుల్లో కలిపే వెసులుబాటు ఈ నియమంలో లేదు. బహిరంగ సముద్రంలోనైతే కేంద్ర పర్యావరణ సంస్థ నిబంధన మూడు నాటికల్ మైళ్లు అంటుంది. కలిపిన 30 రోజుల్లోగా తెలియజేయాలి, నీటిలో కరగని ప్లాస్టిక్ పూలు, దండలు వేయకూడదు. స్వదేశానికి తీసుకువచ్చేవారు మరణ ధ్రువపత్రం, దహన ధ్రువపత్రం, భారత కాన్సులేట్ ఇచ్చే అనుమతి పత్రం వెంట ఉంచుకోవాలి. విమానాశ్రయంలో ఎక్స్‌రే దాటని లోహపు పాత్రను అనుమతించరు కాబట్టి చెక్క లేదా ప్లాస్టిక్ పెట్టె మేలు.

ఇకపై గూళ్ల పరిస్థితి

అమెరికాలో 2010ల మధ్యలో దహనాల సంఖ్య ఖననాలను మించింది. దానితో గూళ్లకు గిరాకీ పెరిగింది. కంటి ఎత్తులో ఉన్న గూటికి ఎక్కువ ధర, నేలకు దగ్గరగానో పైకప్పు దగ్గరగానో ఉన్నవాటికి తక్కువ ధర పలకడం ఈ వ్యాపారంలో మామూలు. కాలిఫోర్నియాలో శాశ్వత నిర్వహణ హామీ ఇచ్చే శ్మశానాలు ప్రతి అమ్మకంలో కొంత సొమ్మును విడిగా నిధిలో వేయాలి. అసలును ముట్టకుండా, దాని మీద వచ్చే ఆదాయంతోనే భవనాన్ని చూసుకోవాలి. 1930ల నుంచి ఈ కొలంబేరియం పాడుబడిన తీరు అలాంటి నిధి ఎందుకు అవసరమో చూపిస్తుంది: అమ్మకాలు ఆగిన రోజు నుంచి నిర్వహణకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు సమాధానం ముందే ఉండాలి. వారసత్వ కట్టడం అన్న గుర్తింపు గోడలను, గుమ్మటాన్ని మార్చకుండా ఆపగలదు గానీ, కారే పైకప్పుకు ఖర్చు పెట్టదు.

భూమి కొరత తీవ్రంగా ఉన్న చోట్ల శాశ్వతం అన్న మాటే వెనక్కి వెళుతోంది. మరణించినవారిలో పదింట తొమ్మిది మందికి పైగా దహనమయ్యే హాంకాంగ్‌లో, 2019 నుంచి ప్రభుత్వ గూళ్లను మొదట 20 ఏళ్లకు, ఆపైన పదేళ్లకొకసారి పొడిగించుకునే షరతుతోనే కేటాయిస్తున్నారు. సింగపూర్‌లో నేలలోని సమాధికే 15 ఏళ్ల గడువు పెట్టి, ఆ తరువాత అవశేషాలను వెలికితీస్తారు. మతం అనుమతించేవారివి దహనం చేసి గూళ్లకు పంపుతారు. ఈ పద్ధతిలో గూటిని పొడిగించాల్సింది వారసులు. వారసులు లేని కళాకారులు, ప్రవాసులు, ఒంటరిగా బతికినవారి విషయంలో ఆ పనిని అభిమాన సంఘమో, నగరపాలక సంస్థో ముందుగానే రాతపూర్వకంగా తమ మీద వేసుకుంటే తప్ప, గడువు తీరిన రోజున అడిగేవారు ఉండరు.